మ్యాపులో మన ఊరి చుక్క

కొండ మీద నుంచి (ఊరి పేరు రాయకూడదు)
కేరాఫ్ 56 ఏపీఓ
సెప్టెంబరు 14

చెల్లెమ్మా దుర్గా,

ఇక్కడ అందరం బాగున్నాం. ఈ కాపలా పోస్టు మీదకి ఫోను తేనివ్వరు కాబట్టి దిగేదాకా మనకి ఈ కాగితాలే గతి. నువ్వు రాస్తే నాలుగు పేజీలకి తగ్గదని మావాళ్ళకి తెలిసిపోయింది. "కామరాజూ, మీ పిన్ని కూతురు పుస్తకం పంపింది, తీసుకో" అని అరుస్తున్నారు.

ఈ కవర్లో అగ్గిపెట్టె ఉంది. మెల్లిగా తెరువు. మా గుడారం పక్కన ఊదారంగు ముళ్ళపూల మీద ఇలాంటి పురుగులు తెగ తిరుగుతున్నాయి. ఇదొకటి మొన్న చలికి బిగుసుకుపోయి పడి ఉంది. తుమ్మెదే గానీ ఒళ్ళంతా బొచ్చు, కుక్కపిల్లకి రెక్కలొచ్చినట్టు. తోక దగ్గర ఇటుక రంగు చూడు. కుడి రెక్క చివర నా బొటనవేలు తగిలి చిరిగింది. తిట్టకు.

బీర పందిట్లో కూలికెళ్ళి తుమ్మెదల్ని లెక్కపెడుతున్నావని, నేను పైకి రాకముందు అమ్మ ఫోన్లో నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదులే. దీన్ని మన పలివెలలోనే పట్టేనని చెప్పు, మండలం అంతా మీ గుమ్మం ముందు వరస కడుతుంది. ఎవడికి తెలుస్తుంది?

ఉంటాను,
అన్నయ్య కామరాజు


పలివెల శివారు, కొత్తపేట మండలం
అక్టోబరు 6

అన్నయ్యా,

అగ్గిపెట్టె అందింది. రెక్క చింపినందుకు తిట్టను. ఎంత ఎత్తులో దొరికిందో, ఏ తారీఖో రాయకుండా పంపేవు చూడు, దానికి తిడతాను. పురుగు పక్కన ఆ చీటీ లేకపోతే అది ఉత్త చచ్చిన పురుగే.

ఇది మన తుమ్మెద కాదు. నాలుగు రోజులు ఫోన్లో వెతికి, మనదాన్నీ నీదాన్నీ పక్కపక్కన పెట్టి చూసేను. మన నల్ల తుమ్మెదకి కడుపు మీద బొచ్చుండదు, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. నీదానికి తోక దాకా బొచ్చే. మనది ఒంటరిది, ఎండిన వెదురుకి గుండ్రంగా కన్నం పెట్టుకుని లోపల కాపరం చేస్తుంది. నీది జట్టుగా బతుకుతుంది, నేలలో ఎలకలు వదిలేసిన బొరియల్లో. నీదాని వెనక కాలికి పుప్పొడి మోసుకునే పల్లెం లాంటిది ఉంది, భూతద్దం పెట్టి చూస్తే కనపడింది. ఇంగ్లీషులో మనదాన్ని కార్పెంటర్ బీ అంటారు, నీదాన్ని బంబుల్ బీ. రెండూ ఒకటేనని పేపర్లవాళ్ళ దగ్గర్నుంచి మాస్టర్ల దాకా అందరూ అనేస్తారు. ఇంత నల్లగా ఉండి జుమ్మంటే చాలు, వీళ్ళకి అన్నీ ఒకటే.

నీది బాంబస్ హెమరాయిడాలిస్ అనుకుంటున్నాను. ఒట్టేసి చెప్పలేను. హిమాలయాల పొడుగూతా మామూలుగా కనపడేదేనట. పురుగుల మ్యాపు ఒకటుంది ఫోన్లో, ఎక్కడ ఎవరు ఏది చూసేరో చుక్కలు పెడతారు. కాశ్మీరు వైపు నుంచి అరుణాచలం దాకా చుక్కలే. మన గోదావరి దగ్గర ఒక్కటీ లేదు. ఉండదు కూడా, మన ఉక్కకి అది ఒక్క మధ్యాహ్నం బతకదు.

ఇక్కడ నా గొడవ వేరే. నేను కూలికెళ్ళే అమ్మిరాజు గారి బీర పందిట్లో వెదురు రాటలన్నిటికీ తుమ్మెద కన్నాలున్నాయి. ఆయనేమో "కన్నాల్లో కిరసనాయిలు పొయ్యండే" అంటారు. నేను పొయ్యలేదు. బీర పువ్వు పొద్దు వాలేక విచ్చుకుంటుందా, ఆ వేళకి తేనెటీగలు ఇంటికి పోతాయి. అప్పుడొచ్చేది తుమ్మెదే. ఇరవై ఆడపూలకి విచ్చుకోకముందే దోమతెర గుడ్డ సంచులు కట్టేను. ఒక్క పిందె నిలవలేదు. కట్టని ఇరవైలో పదహారు నిలిచేయి. ఇది చూపిస్తే ఆయన, "ఆయ్, బాగానే ఉంది గానీ ముందు ఆ తీగలు కట్టు" అన్నారు. నాతో పనిచేసే పాపాయమ్మ గారు మాత్రం సంచులు లెక్కపెట్టి చూసేరు. "అయితే మన అయ్యగారి కాయలన్నీ దీని పిల్లలేనన్నమాట" అన్నారు.

నీ పురుగుని కూడా సూది గుచ్చి నా బిస్కెట్ల డబ్బాలో పెట్టేను.

దుర్గ


పలివెల శివారు
డిసెంబరు 18

అన్నయ్యా,

కుశలం తర్వాత అడుగుతాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

కిందటి నెల సుబ్రహ్మణ్యేశ్వరరావు గారని ఒక లెక్చరర్ గారు పందిట్లోకి వచ్చేరు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్తారట. అమ్మిరాజు గారు నా డబ్బా తెప్పించి ఆయనకి చూపించేరు. "ఏమ్మా, నువ్వేం చదివేవు?" అని అడిగేరు. టెన్త్ అండి, పాసవలేదండి అన్నాను. మూడు పురుగులు తీసుకుని, "చూసి పంపేస్తానమ్మా" అని పట్టుకెళ్ళేరు.

ఇప్పుడు పేపర్లో పడింది. కటింగు ఇందులో పెడుతున్నాను, చూడు. "కోనసీమలో తొలిసారి బంబుల్ బీ. అధ్యాపకుడి ఘనత." ఆయన ఫొటో అరచెయ్యంత, పురుగు ఫొటో బొటనవేలంత. కింద ఎక్కడో "స్థానిక కూలీల సహకారంతో" అని ఉంది. ఆ కూలీలు అంటే నేను! మూడేళ్ళు నోటుపుస్తకాలు నింపింది నేను. కుట్టించుకుని జ్వరంతో పడుకుంది నేను. డబ్బా నాది, సూదులు నావి, పురుగులు నావి. వాళ్ళకి నా పేరు రాయడానికి సిరా లేదు.

అక్కడితో ఆగలేదు. ఆ లెక్చరర్ గారి మాట మీద ఒక పథకం తెచ్చేరు. బంబుల్ బీ మంచిదట, రైతుకి మిత్రుడట, దానికి పెట్టెలు కట్టి పందిళ్ళలో వేలాడదీస్తే వచ్చి గూడు పెడుతుందట. మన నల్ల తుమ్మెదేమో రాటలు తినేసే చీడపురుగట. అందుకని కన్నాలు పడ్డ వెదుళ్ళన్నీ పీకి తగలబెట్టి సిమెంటు స్తంభాలు పాతితే పెట్టెలు ఉచితం. ఏ పురుగు కాయ నిలబెడుతోందో దాన్ని కాల్చెయ్యాలట, ఏ పురుగు ఇక్కడ పుట్టనే లేదో దానికి ఇల్లు కట్టాలట! నేను ఆయనకి ఫోను చేసి అడిగేస్తాను. ఊరుకోను.

దుర్గ


కొండ మీద నుంచి
జనవరి 9

దుర్గా,

నీ ఉత్తరం మంచు వల్ల ఆలస్యంగా వచ్చింది. కటింగు చూసి పొంగిపోయేను. మా సుబేదారు గారికి, వంటమనిషికి, అందరికీ చూపించేను. మా చెల్లెలి డబ్బాలోది అని చెప్పేను. పేరు వెయ్యనందుకు నాకూ కోపమే వచ్చింది.

తర్వాత కూర్చుని పురుగు ఫొటో చూసేను. చిన్నదే గానీ రంగులో వేసేరు. తోక దగ్గర ఇటుక రంగు. కుడి రెక్క చివర చిరుగు.

ఆ చిరుగు నా బొటనవేలిది.

పురుగులన్నీ నావేనని రాసేవు. నీకు మతిమరుపు లేదు. కటింగు కూడా నువ్వే పంపేవు. నేను చూడాలనే పంపేవా?

నిజం రాయి. కోప్పడను.

కామరాజు


పలివెల శివారు
జనవరి 27

అన్నయ్యా,

అవును. నీదే.

కోప్పడనన్నావు. కోప్పడు, నాకేం భయం లేదు. పలివెలలోనే పట్టేనని చెప్పు, ఎవడికి తెలుస్తుంది అని రాసింది ఎవరు? ఇది రాసేక చదువుకుంటే నాకే సిగ్గేస్తోంది. కొట్టెయ్యను, ఉండనీ.

కిందటి ఉత్తరంలో సగమే చెప్పేను. మిగతా సగం ఇది. ఆయన డబ్బా తెరిచి నా తుమ్మెదల్ని పెన్ను మూతతో అటూ ఇటూ తోసేరు. "ఇవి అందరిళ్ళ దూలాల్లోనూ ఉండేవేనమ్మా. కాలక్షేపానికి బాగానే ఉంది. సంచులు కట్టేవా? ఎవరు చెప్పేరు నీకు? అలా చెయ్యకూడదమ్మా, దానికో పద్ధతుంటుంది." అమ్మిరాజు గారు పక్కన నిలబడి నవ్వుతున్నారు. నోటుపుస్తకం చాపితే పట్టుకోలేదు, చెయ్యి కడుక్కోవాలన్నారు. నేను తలొంచుకుని తీగలు కట్టుకుంటున్నాను. అప్పుడు మూలనున్న నీ పురుగు చూసేరు. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. మొహం మారిపోయింది.

"ఇది ఎక్కడ దొరికిందండీ మీకు?"

అండీ అన్నారన్నయ్యా. మీకు అన్నారు. పుట్టి ఇరవై నాలుగేళ్ళయింది, చదువుకున్న మగాడెవడూ నన్ను అండీ అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. "ఇక్కడే అండి, ఈ రాట దగ్గర పట్టేనండి." తారీఖు కూడా చెప్పేను. ఎంత గట్టిగా చెప్పేనంటే, పాపాయమ్మ గారు పని ఆపి నా వంక చూసేరు. ఆవిడకి నీ అగ్గిపెట్టె సంగతి తెలుసు. మళ్ళీ తీగ అందుకున్నారు.

ఆయనకి ఫోను చేసి అడుగుతానన్నాను కదా, ఆ ఉత్తరం పోస్టు చేసేక చేసి పోట్లాడేను. ఆయన మెత్తబడి, ఆ పురుగుల మ్యాపులో గోదావరి పక్కన చుక్క పెట్టించి, దాని మీద వేలు పెడితే "పట్టినవారు: వీరదుర్గ, పలివెల" అని వచ్చేట్టు చేసేరు. నా పేరు. రేషను కార్డు మీద కాకుండా ఇంకోచోట నా పేరు అచ్చుగా చూడటం అదే మొదలు. పది రోజులు దాన్ని నొక్కి నొక్కి చూసుకున్నాను. నోరు మూసుకున్నాను.

ఆ పది రోజుల్లోనే సత్యానందం గారి పందిరి అయిపోయింది. అమ్మిరాజు గారి పక్క చేనే. తీగ కింద సిమెంటు స్తంభాలు పాతి, వెదురు రాటలన్నీ పీకి కుప్ప పోసి నిప్పు పెట్టేరు. ముందు నేను ఒక రాట చీల్చి చూపించేను. లోపల పసుపు ముద్ద, ముద్ద మీద బియ్యపుగింజలా గుడ్డు, దానికో పొట్టు గోడ, గోడవతల మళ్ళీ ముద్ద, మళ్ళీ పిల్ల. "చూడండి, ఇవి పిల్లలండి" అన్నాను. "ఆ పెద్దాయన చీడ అన్నారు కదమ్మా" అన్నారాయన. ఆ పెద్దాయనకి ధైర్యం ఇచ్చిందే నేను. వెదుళ్ళు పేలుతుంటే లోపలున్నవి మండుతూ బయటకొచ్చి పడ్డాయి. చేలో తిరగడానికెళ్ళినవి సాయంత్రం వచ్చి, రాట లేని చోట రాట ఎత్తులో గాలిలో నిలబడి తిరిగేయి. మూడు రోజులు అలాగే వచ్చేయి.

మంచి పురుగు వస్తుందని చెప్పకపోతే, ఉన్న పురుగుని ఎవరూ కాల్చరన్నయ్యా. పెట్టెలు ఖాళీగా ఊగుతున్నాయి. ఒకదాంట్లో బల్లి పెట్టింది కాపరం.

అమ్మిరాజు గారి సిమెంటు స్తంభాలు వచ్చే నెల ఇరవైన దిగుతాయి. అక్కడ డెబ్భై మూడు రాటల్లో గూళ్ళున్నాయి. నేను చెప్తే నా మాట ఎవరు నమ్ముతారు? పట్టేనని ఒట్టేసిందీ నేనే కదా.

దుర్గ


కొండ మీద నుంచి
ఫిబ్రవరి 8

దుర్గా,

ఆ మాట రాసింది నేనే. తమాషాకి రాసేను. ఇక్కడ కూర్చుని తమాషా చెయ్యడం సులువు. తప్పులో సగం నాది, ఇంక దాని గురించి మాటలొద్దు.

నిజం చెప్తాను, నీ ఉత్తరం చదివేక నాలుగు రోజులు నేను కూడా నోరు మూసుకున్నాను. ఇక్కడ్నుంచి అలాంటివి పోస్టు చెయ్యకూడదు. చీటీ ఎందుకు పెట్టలేదని తిట్టేవు, అందుకే పెట్టలేదు. నాయక్ ప్రమోషన్ దగ్గరికొచ్చింది, ఇప్పుడు బయటపడితే ఎలాగా అనుకున్నాను. అయిదో రోజు మా మేజరు గారి దగ్గరకెళ్ళి చెప్పేను. ముందు నవ్వేరు. తర్వాత నిలబెట్టి చివాట్లు పెట్టేరు. ప్రమోషన్ సంగతి ఏం చెప్పలేదు, నేను అడగలేదు. చివరికి నా కాగితం చదివి కింద స్టాంపు వేసేరు.

ఆ కాగితం ఇందులో ఉంది. సెప్టెంబరు పన్నెండున ఆ పురుగుని నేను ఇక్కడ ఏరేనని, పద్నాలుగున నీకు పోస్టు చేసేనని, రెక్క నా చేతిలో చిరిగిందని రాసేను.

ఒక్క మాట. కాగితం తర్వాత చూపించు. ముందు నీ నోటితో చెప్పు. కాగితం వెనక నిలబడితే నాకు నచ్చదు.

కామరాజు


పలివెల శివారు
మార్చి 16

అన్నయ్యా,

నీ ఉత్తరం కిందటి నెల పద్దెనిమిదిన అందింది. పంతొమ్మిదిన అమ్మిరాజు గారి కొబ్బరి షెడ్డులో పథకం మీటింగు. లెక్చరర్ గారు కూడా వచ్చేరు. నలభై మంది రైతులు, టీలు, శాలువా ఒకటి. శాలువా నాకట! ఆయనే పిలిచేరు, "మన జిల్లాకి పేరు తెచ్చిన శ్రామికురాలు వీరదుర్గ గారు" అని. గారు కూడా తగిలించేరు.

లేచి వెళ్ళేను. శాలువా పట్టుకోలేదు. "అబద్ధం అండి. ఆ పురుగు ఇక్కడిది కాదండి. మా అన్నయ్య హిమాలయాల నుంచి పంపేడండి. పందిట్లో పట్టేనని మీకు అబద్ధం చెప్పేనండి" అన్నాను.

లెక్చరర్ గారు నవ్వు అలాగే ఉంచుకుని, "ఏమ్మా, ఎవరో చెప్పిస్తున్నారు నీ చేత" అన్నారు. ఆ అండీ అక్కడితో అయిపోయింది.

"ఎవరూ చెప్పించట్లేదండి. చెప్పించకుండా చెప్పిందే ఆ అబద్ధం" అన్నాను. "నాది తప్పు. మరి మీదో అండి? నేను టెన్త్ ఫెయిలండి. ఒక్క పురుగు, దాని పక్కన చీటీ లేదు, ఇంకోటి దొరుకుతుందేమోనని మీరు ఒక్కరోజు కూడా మళ్ళీ పందిట్లోకి రాలేదు. నా మూడేళ్ళ పుస్తకం ముట్టుకోడానికి చెయ్యి కడుక్కోవాలన్నారు, నా అబద్ధం మాత్రం అలాగే మింగేసేరు. దానికి చెయ్యి కడుక్కోలేదేం?"

పాపాయమ్మ గారు వెనక నుంచి, "అగ్గిపెట్టె నేను చూసేనండి. పిల్ల చెప్పింది నిజం. అప్పుడే చెప్పాల్సింది, నాకూ బుద్ధి లేదు" అన్నారు. అప్పుడు నీ కాగితం ఇచ్చేను. ఆయన రెండుసార్లు చదివేరు. "పరిశీలించాల్సి ఉంది" అని మడిచి జేబులో పెట్టుకోబోయేరు. నేను చెయ్యి చాపేను. తిరిగి ఇచ్చేరు.

ఇంతలో సత్యానందం గారు లేచేరు. "నా పందిట్లో పూలన్నీ రాలిపోతున్నాయి. పూటకో మనిషిని పెట్టి మగపువ్వుతో ఆడపువ్వుకి రాయిస్తున్నాను. ఆ పెట్టెల్లో ఏదో వస్తుందన్నారు, ఎప్పుడొస్తుందండి?" అని అడిగేరు. అరవలేదు. మామూలుగా అడిగేరు. లెక్చరర్ గారు ఫోను మోగిందని బయటకెళ్ళేరు. నాకు మోత వినపడలేదు.

అమ్మిరాజు గారు మర్నాటి లారీ ఆపించేరు. రాటలు ఈ పంటయ్యేదాకా ఉంచుతానన్నారు, ఆ తర్వాత ఏమో తెలీదు. నన్ను మాత్రం పనిలోంచి తీసేసేరు. "నీ మాట విని రాటలు ఉంచుతున్నాను. నీ మాట వినే కదా పీకేద్దామనుకున్నాను. నా వల్ల కాదే" అన్నారు. కోపం వచ్చింది, కానీ ఆయన మీద రాలేదు.

ఇప్పుడు సత్యానందం గారి చేలో చేస్తున్నాను. నేనే వెళ్ళి అడిగేను. పొద్దు వాలేక మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, ఒక్కో ఆడపువ్వుకి మెత్తగా రాయడం. పాపాయమ్మ గారూ వస్తున్నారు. "తుమ్మెద పని మనకిచ్చేరు గానీ రెక్కలివ్వలేదే" అని నడుం పట్టుకుంటారు. ఇద్దరం కలిసి ఒక సాయంత్రం నాలుగు వరసలు చెయ్యలేం. సత్యానందం గారు నాతో మాట్లాడరు. నీళ్ళు మాత్రం పంపిస్తారు. కుప్ప కాల్చిన చోట ఇంకా నల్లగానే ఉంది, దాని మీంచే నడిచి వెళ్ళాలి.

పేపర్లో ఒక్క ముక్క పడలేదు. పేపరువాళ్ళకి ఫోను చేస్తే, "ఖండన అయితే లెక్చరర్ గారే పంపాలమ్మా" అన్నారు. ఆయన ఘనత ఆయనకలాగే ఉంది. శాలువా ఎవరికి కప్పేరో తెలీదు. తలుచుకుంటే పళ్ళు పటపటలాడుతున్నాయి.

మ్యాపు మాత్రం నా చేతిలో ఉంది. అందులో ఏ చుక్కయినా తప్పనిపిస్తే ఎవరైనా చెప్పొచ్చు, దానికో ఫారం ఉంది. మొన్న సాయంత్రం చేను గట్టు మీద కూర్చుని నింపేను. చుక్క తీసేస్తే దాని మీదున్న నా పేరు కూడా పోతుందని ముందే చూపించి, ఖాయమేనా అని అడుగుతుంది. పాపాయమ్మ గారికి చదివి వినిపించేను. "పోతే పోనీయవే, నీ పేరు పెట్టింది మీ అమ్మ, వాళ్ళు కాదు" అన్నారు. మాట బాగానే ఉంది గానీ నాకు ఏడుపొచ్చింది. పదిసార్లు ఆ పేరు నొక్కి చూసుకుని, అప్పుడు ఖాయమే అని కొట్టేను.

తర్వాత చదువు అని ఒక గడి. టెన్త్ ఫెయిల్ అని రాసేను. ఉద్యోగం, హోదా అని ఇంకో గడి. కూలి అని రాసేను. చివర పెద్ద గడి ఒకటి: "ఈ నమోదు తప్పని మీరు ఎలా చెప్పగలరు?" లెక్చరర్ గారైతే అక్కడ పుస్తకాల పేర్లు రాసేవారేమో. నాకు రెండు ముక్కలు సరిపోయేయి.

"చెప్పింది నేనే. అబద్ధం చెప్పేను."

నీ చెల్లి,
వీరదుర్గ